అద్దం చెమర్చడం (కంబదూరు ప్రాంతం)

చలికాలంలో తెల్లవారుజామున కిటికీ అద్దాల మీద, ఇంటి రేకుల మీద, బండి గాజుల మీద, పైరు ఆకుల మీద సన్నని నీటిపొర కనబడుతుంది. దీన్ని వాడుకలో అద్దం చెమర్చడమనీ, చెమ్మ పట్టడమనీ, మంచు పట్టడమనీ అంటారు. గాలిలో ఆవిరిగా ఉన్న నీరు, తగినంత చల్లబడిన ఉపరితలాన్ని తాకి తిరిగి నీరుగా మారడమే దీనికి కారణం. చలిదేశాల పుస్తకాల్లో ఇది ప్రధానంగా కిటికీ సమస్య. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం నియోజకవర్గంలో, కర్ణాటకలోని పావగడ తాలూకాను ఆనుకొని ఉన్న కంబదూరు మండలంలో మాత్రం కిటికీ చెమర్చడం అరుదు. ఇక్కడ అదే నీరు ఇంటి బయట, రేకు మీదా చేను మీదా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసంలో ముఖ్యాంశం.

పేర్లు

తెలుగులో మంచు అనే ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. ఆకు మీది బిందువు మంచే, దారి కనబడనీయని తెర మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, సోడా బండి దగ్గర సుత్తితో కొట్టే గడ్డా మంచే. పొగమంచు, మంచుగడ్డ వంటి జంటపదాలతో కొంత స్పష్టత వస్తుంది. ఆకు మీదా అద్దం మీదా పట్టేదానికి తుషారం అనే సంస్కృత పదం పుస్తకాల్లో స్థిరపడింది.

ఆవిరి నీరుగా మారడాన్ని పాఠ్యపుస్తకాలు సాంద్రీకరణం అంటాయి. పత్రికల్లో అప్పుడప్పుడు దీన్నే ద్రవీభవనమని రాస్తుంటారు. ఆ మాట ఘనపదార్థం కరగడానికి కేటాయించినది కనుక ఇక్కడ పొసగదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర గాలిలోని ఆవిరి నీరు కావడం మొదలవుతుందో దాన్ని కొందరు తుషార బిందువు అన్నారు, కొందరు తుషార స్థానం అన్నారు. బిందువంటే చుక్క అనే అర్థం కూడా ఉంది గనుక, మొదటి పేరు విన్న పిల్లలకు ఆకు మీది నీటిచుక్కే మనసులో మెదులుతుంది. ఈ వ్యాసంలో తుషార స్థానం అనే మాటనే వాడుతున్నాం.

వాడుక క్రియల్లో ఒక విశేషం ఉంది. మంచు ‘పడుతుంది’, ‘కురుస్తుంది’ అంటాం. అంటే పైనుంచి వస్తుందని. అద్దం ‘చెమర్చింది’ అంటాం. అంటే లోపలినుంచి ఊరిందని. యూరపు పండితులు చాలాకాలం వాదించుకున్న విషయంలో తెలుగువాడు రెండు పక్షాలనూ భాషలోనే ఉంచేసుకున్నాడు. రెండూ అక్షరాలా నిజం కావు. చుక్క ఆకాశం నుంచి రాలదు, గాజులోంచి ఊరదు. అద్దాన్ని ఆనుకొని ఉన్న గాలే దానికి నీటినిస్తుంది.

జరిగే పని

ఒక ఘనపు మీటరు చోటులో ఆవిరిగా ఉండగలిగే నీరు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 30 గ్రాములు. 20 డిగ్రీల దగ్గర సుమారు 17, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకు కొంచెం పైన, సున్నా దగ్గర 5కు కాస్త తక్కువ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే ఆవిరికి ఉన్న చోటు ఇంచుమించు సగమవుతుందన్నమాట. మిగిలినది ఏదో ఒకదాన్ని పట్టుకొని నీరు కావలసిందే. గాలి నీటిని మోస్తుందనడం మాట సౌలభ్యానికే. ఈ పరిమితి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది తప్ప, గాలి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. 19వ శతాబ్దపు మొదట్లో జాన్ డాల్టన్ చేసిన ప్రయోగాలతో ఇది తేలింది. అంతకు ముందే, 1751లో మోంపెలియేకు చెందిన షార్ల్ లెరువా, చల్లని నీటి పాత్ర బయట చెమ్మ మొదలయ్యే ఉష్ణోగ్రతను బట్టి గాలి తేమను కొలవవచ్చని చూపాడు.

కనుక అద్దం చెమర్చాలంటే చలి ఒక్కటే సరిపోదు. అద్దం ఉపరితలం ఆ గాలి తుషార స్థానం కన్నా చల్లగా ఉండాలి. పొడి గాలికి తుషార స్థానం చాలా కిందుంటుంది, తడి గాలికి పైనుంటుంది. కంబదూరు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో సాపేక్ష ఆర్ద్రత (ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉండగలిగే ఆవిరిలో నిజంగా ఉన్న వంతు) 20 శాతం ఉందనుకుంటే తుషార స్థానం 13 డిగ్రీలకు అటూ ఇటూగా వస్తుంది. జూలైలో మబ్బు పట్టిన రోజు 28 డిగ్రీలు, 70 శాతం అయితే అది 22కు చేరుతుంది. ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు చెంబు రెండు కాలాల్లోనూ చెమర్చుతుంది. కుండనీళ్లు పోసిన చెంబు వేసవిలో పొడిగానే ఉంటుంది.

కుండ సంగతి వేరు. మట్టి కడవ బయట కనిపించే తడి లోపలి నీరే; మట్టి రంధ్రాల గుండా ఊరి, ఆవిరవుతూ కడవను చల్లబరుస్తుంది. చెంబు మీది తడి గాలిలోంచి వచ్చినది, పైగా అది చేరేటప్పుడు చెంబును కాస్త వెచ్చబరుస్తుంది. చూపుకు ఒకేలా ఉండే ఈ రెండూ ఒకదానికొకటి తిరగబడ్డ పనులు.

ఇళ్లు, కిటికీలు

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చాలాచోట్ల రాశారు. ఆ వరుస ఏ సంవత్సరాల లెక్కలు తీసుకున్నారన్నదాన్ని బట్టి మారుతుంది కనుక, అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి అనుకోవడం మేలు. చలికాలపు వేకువల్లో ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. కొన్ని ఏళ్లలో అంతకన్నా దిగుతుంది. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టినవాళ్ల బెంగంతా ఎండ గురించే, చలి గురించి కాదు.

పాత ఇల్లు మట్టి మిద్దె. మందమైన గోడలు, దూలాలు, దంతెలు, వాటిపైన కసువు, ఆపైన చవుటి మన్ను. కిటికీకి ఇనుప కమ్ములు, చెక్క తలుపులు ఉండేవి కానీ గాజు ఉండేది కాదు. వెలుతురు కోసం మిద్దెకే ఒక రంధ్రం పెట్టి దాన్ని గవాక్షి అనేవారు, పలుకుబడిలో గవాచి. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండో కుండో బోర్లించి వచ్చేవారు. పొయ్యి పొగకూ అన్నం ఆవిరికీ దారి అదే. వేడెక్కిన తడిగాలి పైకి పోతుంది గనుక, గవాక్షి ఉన్న వంటింట్లో ఆవిరి నిలవడం కష్టం. దానికి తోడు మట్టి గోడ తేమను పీల్చుకొని, పగలు మళ్లీ వదులుతుంది. గాజుకు ఆ గుణం లేదు. ఆవిరి నీరైతే దాని ముఖం మీదే కనబడుతుంది.

స్లాబు ఇళ్లు వచ్చాక గవాక్షి పోయింది. ఇనుప చట్రాల కిటికీలు, ఆ తర్వాత అల్యూమినియం పట్టాల మీద జరిగే గాజు తలుపులు వచ్చాయి. అప్పటినుంచీ కిటికీ చెమర్చే అవకాశం సిద్ధాంతరీత్యా ఉంది. అది ఎంతవరకో లెక్క వేసి చూడవచ్చు.

బయట 16 డిగ్రీలు, గదిలో 23 డిగ్రీలు అనుకుందాం. ఒంటిపొర గాజు లోపలి ముఖం దాదాపు 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. 23 డిగ్రీల గదిలో తుషార స్థానం 18కి చేరాలంటే సాపేక్ష ఆర్ద్రత 73 శాతం దాటాలి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 30 ఘనపు మీటర్ల చోటుంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర అందులో ఇమడగలిగే ఆవిరి అరలీటరుకు కొంచెం పైన మాత్రమే. నిద్రపోయే మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు 40 గ్రాముల వరకు నీటిని వదులుతాడని భవన నిర్మాణ శాస్త్రం అంచనా. నలుగురు ఎనిమిది గంటలు పడుకుంటే అది లీటరు దాటుతుంది. గది బిగుతుగా ఉంటే కంబదూరులోనైనా కిటికీ చెమర్చక తప్పదని దీన్ని బట్టి తెలుస్తుంది. చెమర్చకపోవడానికి కారణం గది బిగుతుగా లేకపోవడమే: తలుపు కింది సందు, వెంటిలేటరు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ. దోమల కోసం అన్నీ మూసి, పిల్లల తడిబట్టలు లోపలే ఆరేసిన రాత్రి, పొద్దున్నే అద్దం మీద వేలితో పేరు రాసేంత పొర పట్టడం వింతేమీ కాదు.

రేకులు, బండ్లు

ఈ ప్రాంతంలో చలిదేశపు కిటికీకి దగ్గరి చుట్టం రేకుల ఇల్లు. రాత్రి మబ్బు లేకపోతే ఇంటి కప్పు ఆకాశం వైపు ఉష్ణాన్ని వికిరణం చేస్తూ చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. పైముఖం మీద బయటి గాలిలోని తేమ చేరుతుంది. లోపల వంట ఆవిరో మనుషుల ఊపిరో నిలిచి ఉంటే కింది ముఖం కూడా చెమర్చి, వాలు వెంట జారి, మొల దగ్గర చుక్కగా వేలాడి, నిద్రపోయేవాళ్ల మీద పడుతుంది. వాన లేకుండా ఇల్లు కారుతోందని రేకును అనుమానించే సందర్భాలు ఇలాంటివే. మొల చుట్టూ తారు పూసినా ఇది ఆగదు. రేకుకూ గోడకూ మధ్య గాలి పోయే సందు వదలడం పనిచేస్తుంది.

రేకుల్లోనూ తేడా ఉంది. మెరిసే కొత్త జింకు రేకు వికిరణం తక్కువగా చేస్తుంది. కనుక సిమెంటు రేకంత త్వరగా చల్లబడదు, తడవదు. తుప్పు పట్టి, దుమ్ము పేరుకున్న పాత రేకు ఆ ఆధిక్యాన్ని పోగొట్టుకుంటుంది.

వాకిట్లో నిలిపిన మోటారు సైకిలు సీటు, ఆటో ముందరి గాజు, వేకువనే కదిలే బస్సు అద్దం కూడా ఇలాగే తడుస్తాయి. డ్రైవరు ముందు తేల్చుకోవలసింది పొర బయట ఉందా లోపల ఉందా అన్నది. బయట ఉంటే వైపరు చాలు. బస్సు నిండా జనమెక్కి కిటికీలు మూసుకున్నాక లోపల పట్టే పొరకు వైపరు ఏమీ చేయలేదు; ఒక కిటికీ తెరవాలి, లేదా పొడి గాలిని అద్దం మీదికి ఊదాలి. వానాకాలంలో ఏసీ కారుకు జరిగేది తలకిందులు: లోపలి చల్లదనంతో గాజు బయటి ముఖం చెమర్చుతుంది.

పావగడ తాలూకాలోని తిరుమణి పరిసరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. రాత్రంతా ఆకాశాన్ని చూస్తూ ఉండే సౌర ఫలకాల మీద మంచు పట్టడం సహజం. కొద్దిపాటి మంచు ఫలకాన్ని కడగదు. మెట్ట నేలల దుమ్ముతో కలిసి, ఎండకు ఆరి, కింది అంచున పొరకడుతుంది.

ప్రవాస తెలుగు ఇళ్లలో

న్యూజెర్సీలోనో షికాగోలోనో జనవరిలో బయట మైనస్ 5, లోపల 20 డిగ్రీలు ఉంటే, ఒంటిపొర గాజు లోపలి ముఖం 1 లేదా 2 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు పొరల గాజైతే సుమారు 11. 20 డిగ్రీల గదిలో 50 శాతం ఆర్ద్రతకు తుషార స్థానం 9 డిగ్రీలకు కాస్త పైన. కాబట్టి మొదటి కిటికీ కారుతుంది, రెండోది అంచుల్లో మాత్రం చెమర్చి ఊరుకుంటుంది. సాంబారు, ఇడ్లీ కుక్కరు, బియ్యం కడిగి వార్చే అలవాటు ఉన్న వంటిల్లు గాలిలోకి వదిలే ఆవిరి అక్కడి ఇళ్లు కట్టినవారి అంచనాకు మించిపోవచ్చు. చట్రం మూలల్లో నల్లని బూజు దాని ఫలితమే. వంటింటి ఫ్యాను బయటికి ఊదేదా, లోపలే తిప్పేదా అన్నది ఇక్కడ కీలకం. గవాక్షి చేసిన పనిని చేయగలిగేది మొదటి రకమే.

వాదాలు

మంచు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు అరిస్టాటిల్ నాటినుంచీ ఉన్న జవాబు, పైగాలిలోని ఆవిరి చల్లబడి దిగుతుందని. 1730లలో జర్మనీలో గెర్‌స్టెన్, ఫ్రాన్సులో డ్యూఫే దీన్ని తిరగేశారు. డ్యూఫే నిచ్చెనకు వేరువేరు ఎత్తుల్లో గాజు పలకలు కట్టి, కింది పలకలు ముందుగా తడవడం చూసి, మంచు నేలనుంచి లేస్తుందన్నాడు. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో ప్రచురించిన మంచు వ్యాసం ఈ తగవును పక్కకు నెట్టింది. రాత్రి ఆరుబయట వస్తువులు ఆకాశానికి ఉష్ణాన్ని కోల్పోయి ముందు చల్లబడతాయి, మంచు ఆ తర్వాత పడుతుంది అన్నది అతని నిరూపణ. మంచు పడటం వల్లే చల్లబడుతుందని అప్పటిదాకా కొందరు నమ్మేవారు. ఆ వ్యాసానికి వెల్స్‌కు రాయల్ సొసైటీ రమ్‌ఫర్డ్ పతకం లభించింది. వెల్స్ ఆసక్తిగా చర్చించిన ఉదాహరణల్లో ఒకటి మన దేశానిదే. అలహాబాదు వంటి చోట్ల గడ్డి పరిచిన గుంటల్లో లోతులేని మట్టి మూకుళ్లు పెట్టి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగని రాత్రుల్లో కూడా మంచుగడ్డ తయారు చేసేవారు. దీన్ని రాబర్ట్ బార్కర్ 1775లో వర్ణించాడు.

1885లో జాన్ ఎయిట్కెన్ గడ్డి మీది తడిలో ఎక్కువ భాగం నేల తేమదేనని చెప్పి పాత వాదాన్ని మళ్లీ లేపాడు. 1957లో జాన్ మాంటీత్ రెంటినీ విడదీశాడు: గాలినుంచి దిగేది ఒకటి, తడినేలనుంచి లేచి ఆకు అడుగున పట్టేది మరొకటి. ఈ వ్యాసానికి ఆ విభజనే ఆధారం. మాంటీత్ 1980ల చివర్లో పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేశాడు. గరిక కొసన ముత్యంలా నిలిచే ఒంటిచుక్క మాంటీత్ చెప్పిన రెండు రకాల్లోనూ చేరదు. అది వేరు తోడిన నీటిని ఆకే కొసనుంచి వదలడం.

ఇక్కడే ఇంకో చిక్కుముడి. గాలి కదలని తేట రాత్రుల్లో అతి చల్లని పొర నేలను అంటి కాక, జానెడు మొదలు మూరెడు ఎత్తున ఉంటుందని భారతీయ శాస్త్రవేత్తలు ఎల్.ఎ. రామదాస్, ఆత్మనాథన్ 1932లో ప్రకటించారు. నేలే అన్నిటికన్నా చల్లనిదన్న పుస్తకాల మాటకు ఇది విరుద్ధం కావడంతో, కొలతలోనే దోషముందని చాలామంది కొట్టిపారేశారు. తర్వాత ఇతర దేశాల్లోనూ అదే కనిపించి, ‘రామదాస్ పొర’గా పేరు నిలిచింది. 1993లో బెంగళూరు శాస్త్రవేత్తలు వాసుదేవమూర్తి, శ్రీనివాసన్, రొద్దం నరసింహ దీనికి వికిరణ సిద్ధాంతం ప్రతిపాదించారు. 2010 ప్రాంతంలో బెంగళూరులోనే మరో బృందం ఆ వివరణ చాలదంటూ, గాలిలోని సూక్ష్మ ధూళి పాత్రను ముందుకు తెచ్చింది. వాదం ఇంకా సాగుతున్నా, దుమ్ము ఎక్కువగా లేచే మెట్ట నేలల్లో రెండో వివరణకు బలం ఉన్నట్టు తోస్తుంది. నరసింహ ఇంటిపేరు కంబదూరుకు ఎంతో దూరం లేని రొద్దం ఊరిదేనంటారు.

చేను మీద

ఉలవ, శనగ మంచుకే పండుతాయని మెట్ట రైతుల మాట. వెల్లవేసినట్టు కనబడే మంచి మంచు కూడా మందంలో 0.2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎకరాకు 800 లీటర్లు. ఒక రాత్రికి సిద్ధాంతం అనుమతించే గరిష్ఠం 0.8 మిల్లీమీటర్ల దగ్గర. పైరు పగటిపూట 3, 4 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుంది. కనుక ఆ పైర్లను ప్రధానంగా పండించేది నేలలో మిగిలిన పదునే. పొద్దెక్కేదాకా ఆకును చల్లగా ఉంచి ఆ పదునును మంచు కొంత పొదుపు చేయవచ్చు. గుజరాత్‌లోని కచ్ తీరంలో అహమదాబాదు ఐఐఎంకు చెందిన గిరిజా శరణ్ 2000ల్లో మంచునీటిని వాలు పలకల మీద పట్టి తాగునీరుగా వాడే ఏర్పాట్లు చేశారు. సముద్రపు తేమ అందే కచ్ ఫలితాలను కంబదూరుకు అన్వయించడం తొందరపాటు.

మంచు వల్ల చెరుపు ఎక్కువగా వేరుశనగకు. తిక్క ఆకుమచ్చ తెగులు శిలీంద్రం ఆకులోకి దిగాలంటే గంటల తరబడి తడి కావాలి. ఎడతెగని తడికన్నా రాత్రి తడిసి పగలు ఆరే తడిలోనే మచ్చలు ఎక్కువ వచ్చాయని 1990లలో ఇక్రిశాట్ ప్రయోగాలు సూచించాయి. అది సరిగ్గా మంచు నడిచే పద్ధతి. వాన వెనుకపట్టిన ఏడాది కూడా తిక్క ఎందుకు వస్తుందన్నదానికి ఇది కొంత జవాబు.

శనగ ఆకు నూగు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలను స్రవిస్తుంది. దక్కనులో రాత్రి చేను మీద పలచని బట్ట పరిచి, వేకువనే పిండి, మంచుతో కలిసిన ఆ పులుసును మందుగా దాచేవారని 19వ శతాబ్దపు వస్తు నిఘంటువుల్లో ఉంది. సంస్కృతంలో దాని పేరు చణకామ్లం. తెల్లవారకముందే శనగచేలో నడిచినవారి కాళ్లకు పులుపు అంటి మంట పుట్టడం దీనివల్లే.

ఉలవ కోతకు మాత్రం మంచు కావాలి. ఎండిన కాయ పొద్దెక్కితే పగిలి గింజ రాలుతుంది కనుక, కాయ ఇంకా మెత్తగా ఉండగానే పీకి కుప్ప వేస్తారు. వేరుశనగ కట్టెను కూడా ఆకు రాలకుండా ఆ వేళకే ఎత్తుతారు. అయితే వామి వేయడానికి ముందు మళ్లీ ఆరబెట్టాలి, లేకపోతే లోపల చెమ్మ నిలిచి కట్టె నల్లబడి పశువులు ముట్టవు.